వాక్యయంత్రం – వాన మాట

రాయలసీమలో వానను గురించి పలికే మాట సామాన్యమైన మాట కాదు. అనంతపురం పీఠభూమి వర్షచ్ఛాయా ప్రాంతం. నైరుతి ఋతుపవనాలు మోసుకొని వచ్చే తేమను పడమటి కనుమలు ముందుగానే అడ్డుకుంటాయి. ఈశాన్య ఋతుపవనాలు తూర్పు తీరాన్ని దాటి ఇంత దూరం వచ్చేసరికి బలం కోల్పోతాయి. ఈ రెండింటి నడుమ ఈ నేలకు దక్కే సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కొద్దిపాటి వాన అయినా ఎప్పుడు పడుతుందో, ఎక్కడ పడుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. ఒక ఊరి పొలిమేరను తడిపి పక్క ఊరిని ఎండగట్టి పోవడం ఇక్కడ వింత కాదు. అందుచేత 'ఎగువన పదును వాన పడింది' అని ఎవరైనా అంటే, ఆ మాట వెంట గొర్రు కదులుతుంది. ఇంట్లో దాచిన విత్తనం మట్టిలోకి పోతుంది. బెంగుళూరుకు కూలికి వెళ్ళిన కొడుకు బస్సెక్కి ఊరికి వస్తాడు. మాట నిజమైతే పంట చేతికి రావచ్చు. అబద్ధమైతే విత్తనం కూడా మిగలదు.

అటువంటి నేల మీద పుట్టిన ఒక విద్యార్థి వాక్యాలను పుట్టించే యంత్రాన్ని తయారుచేయబూనాడు. అనంతపురం పట్టణంలోని ఒక కళాశాలలో అతడు కంప్యూటర్ శాస్త్రం చదువుతున్నాడు. వేసవి సెలవులకు ఊరికి వచ్చినప్పుడు, బడిపిల్లలకు వ్యాకరణం నేర్పడానికి అభ్యాస వాక్యాలు ఎన్ని రాసినా చాలడం లేదని గమనించాడు. పిల్లలు వాక్యాలను కంఠస్థం చేస్తున్నారే గాని వాటి నిర్మాణాన్ని గ్రహించడం లేదు. ఎప్పటికప్పుడు కొత్త వాక్యాలు దొరికితే కంఠస్థం చేసే అవకాశమే ఉండదు. ఆ పనిని కంప్యూటర్‌కు అప్పగించాలని అతని ఆలోచన.

అతని పద్ధతి సులువైనదే. మొదట కొన్ని సూత్రాలు రాయాలి. వాక్యమంటే కర్త, కర్మ, క్రియ అని ఒక సూత్రం. కర్త స్థానంలో రైతు, ఆవు, అమ్మ, వాన, చెరువు మొదలైన మాటలలో ఏదైనా ఒకటి రావచ్చునని మరొక సూత్రం. క్రియకు కూడా ఇటువంటి పట్టికే. యంత్రం మొదటి సూత్రాన్ని పట్టుకొని, ఒక్కొక్క స్థానం దగ్గర ఆగి, పాచిక వేసినట్లుగా పట్టికలో నుంచి ఒక మాటను ఏరుకుంటుంది. అన్ని స్థానాలు నిండగానే వాక్యం పూర్తవుతుంది. మాటలు కొన్నే అయినా వాటి కలయికలు వేలకు చేరుతాయి. సూత్రం కట్టడి చేస్తుంది; పాచిక స్వేచ్ఛనిస్తుంది. ఈ రెండూ కలిసిన చోట కొత్త వాక్యం పుడుతుంది.

అయితే తొలినాడే యంత్రం 'వాన వచ్చాడు' అన్నది. క్రియాపదం కర్తను అనుసరించాలన్న నియమాన్ని అతడు యంత్రానికి చెప్పలేదు. తెలుగు మాతృభాషగా గల పసివాడు కూడా చేయని తప్పు అది. వెంటనే అతడు కర్తలను రెండు వర్గాలుగా విభజించాడు. పురుషులను బోధించే మాటలకు 'వచ్చాడు', మిగిలిన వాటికి 'వచ్చింది'. రైతు వచ్చాడు, అమ్మ వచ్చింది, ఆవు వచ్చింది, వాన వచ్చింది. అంతా సరిపోయిందనుకొని బహువచనానికి వెళ్ళాడు. 'ఆవులు వచ్చాయి' అని సరిగానే పలికిన యంత్రం, అదే వరుసలో 'అమ్మలు వచ్చాయి' అన్నది. అతడు నివ్వెరపోయాడు. ఏకవచనంలో ఆవుతో కలిసి నడిచిన అమ్మ, బహువచనంలో రైతులతో కలిసి 'వచ్చారు' అని నడవాలి. పుట్టినప్పటి నుంచి ప్రతిదినం పాటిస్తున్న నియమమే అయినా, అటువంటి నియమం ఒకటి ఉన్నదని అతనికి ఆనాడే తెలిసింది.

విభక్తుల దగ్గరా ఇదే అనుభవం. 'చెరువుకు' అని రాసిన సూత్రమే 'నదికు' అని పలికింది. ఇకారం తర్వాత 'కి' రావాలని చేర్చవలసి వచ్చింది. బహువచనానికి 'లు' చేర్చమంటే యంత్రం 'బండిలు', 'గుర్రంలు', 'ఊరులు' అని చదివింది. బండ్లు, గుర్రాలు, ఊళ్ళు అనడానికి ఒక్కొక్క మాటకు ఒక్కొక్క దారి చూపవలసి వచ్చింది. వారం రోజులు గడిచేసరికి పది సూత్రాలు నూరయ్యాయి. అప్పుడతడు ఇంటర్మీడియట్ చదివిన రోజుల్లో మార్కుల కోసం మాత్రమే తెరిచిన వ్యాకరణ పుస్తకాన్ని అటక మీద నుంచి దింపి, దుమ్ము దులిపి, మొదటి పుట నుంచి చదవడం ప్రారంభించాడు.

పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వెలువడింది. మహద్వాచకాలు, అమహద్వాచకాలు అనే విభజన, స్త్రీవాచకాలు ఏకవచనంలో ఒక వైపు, బహువచనంలో మరొక వైపు చేరడం మొదలైన విషయాలన్నీ అందులో సూత్రబద్ధమై ఉన్నాయి. విద్యార్థి వారం రోజులు తంటాలు పడి కనిపెట్టిన వాటిలో పెక్కింటికి ఆ గ్రంథంలో పేర్లు, పరిధులు ముందే ఏర్పడి ఉన్నాయి. అన్నిటికంటే అతన్ని ఆకర్షించినవి సంధి సూత్రాలలోని మూడు పారిభాషిక పదాలు. ఉకార సంధి నిత్యం. అంటే తప్పక జరుగుతుంది. 'ఏమి' మొదలైన మాటల ఇకారానికి సంధి వైకల్పికం. ఏమంటివి అనవచ్చు, ఏమియంటివి అనీ అనవచ్చు. అకార సంధి బహుళం. ఒక చోట జరుగుతుంది, ఒక చోట జరగదు, ఒక చోట ఐచ్ఛికమవుతుంది, వేరొక చోట మరొక విధమైన కార్యమే జరుగుతుంది. యంత్రానికి పాచిక వేసే హక్కు ఎక్కడ ఉన్నదో వ్యాకరణమే చెబుతున్నట్లు అతనికి తోచింది. నిత్యమైన చోట పాచిక పనికిరాదు. వైకల్పికమైన చోట నిస్సంకోచంగా వేయవచ్చు. బహుళమైన చోట మాత్రం పూర్వుల ప్రయోగాన్ని చూసి నడుచుకోవాలి.

భాషను సూత్రాలలో బంధించడం ఈ దేశానికి కొత్త విద్య కాదు. పాణిని సుమారు 4000 సూత్రాలలో సంస్కృత భాషా స్వరూపాన్ని నిర్మించాడు. సామాన్య సూత్రాన్ని విశేష సూత్రం బాధిస్తుందని, సమాన బలం గల రెండు సూత్రాలు ఒకే చోట తలపడితే తర్వాతిది నెగ్గుతుందని ఏర్పాటు చేసుకొన్నాడు. ఇరవయ్యవ శతాబ్దిలో కంప్యూటర్ భాషలకు వ్యాకరణం రాయవలసి వచ్చినప్పుడు జాన్ బాకస్ 1959లో ఒక సూత్రరచనా పద్ధతిని ప్రతిపాదించాడు. పీటర్ నౌర్ 1960లో ఆల్గాల్ అనే భాషను వర్ణించడానికి దానిని వాడాడు. ఇటువంటి పద్ధతి పాణినికి ఎంతో ముందే తెలుసునని, కనుక దానికి పాణిని పేరు కూడా చేర్చడం న్యాయమని ఇంగర్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు 1967లో సూచించాడు. విద్యార్థి తరగతి గదిలో నేర్చుకొన్న సూత్రాలకు, అటక మీది పుస్తకానికి నడుమ ఈ బంధుత్వం ఉన్నది.

సూత్రాలతో వాక్యాలను పుట్టించే ప్రయత్నాలకు కూడా చరిత్ర ఉన్నది. 1952లో క్రిస్టఫర్ స్ట్రేచీ మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలోని కంప్యూటర్ చేత ప్రేమలేఖలు రాయించాడు. ప్రియుడు లేడు, ప్రేయసి లేదు. లేఖలు మాత్రం ఎన్ని కావాలంటే అన్ని వచ్చాయి. విక్టర్ ఇంగ్వే అనే భాషావేత్త పిల్లల కథాపుస్తకం ఒకటి తీసుకొని, అందులోని మొదటి పది వాక్యాలకు సరిపోయే వ్యాకరణం రాసి, ఆ సూత్రాలతో యంత్రం చేత యాదృచ్ఛికంగా వాక్యాలు చెప్పించి, ఫలితాలను 1961లో ప్రకటించాడు. వ్యాకరణ దృష్టితో సరైన వాక్యాలే అయినా, వాటిలో చాలావాటికి అర్థం పొసగలేదు. 2005లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు చెందిన ముగ్గురు విద్యార్థులు ఇదే విధంగా అర్థంలేని శాస్త్రవ్యాసాలను అల్లే ప్రోగ్రాం రాశారు. ఆ వ్యాసాలలో ఒకదానిని ఒక సదస్సు స్వీకరించింది కూడా. రూపం సక్రమంగా ఉంటే చాలు, లోపల ఏమున్నదో చూడకుండానే తల ఊపే స్వభావం పండితులలో కూడా ఉన్నదని ఆ సంఘటన నిరూపించింది.

గద్యం ఒక దారికి వచ్చిన తర్వాత విద్యార్థి దృష్టి పద్యం మీదికి మళ్ళింది. ఛందస్సులోని నియమాలు గద్య నియమాలకంటే స్పష్టమైనవి కావడం అందుకు కారణం. ఛందశ్శాస్త్రంలో ప్రస్తారం అనే ప్రక్రియ ఉన్నది. పాదంలో ఇన్ని అక్షరాలుంటే గురులఘువుల అమరికలు ఎన్ని ఏర్పడతాయో వరుసగా రాసి చూపడం ప్రస్తారం. నాలుగక్షరాల పాదానికి 16 అమరికలు వస్తాయి. ఆ వరుసను పూర్తిగా రాయకుండానే, ఫలానా సంఖ్య గల అమరిక ఏదో చెప్పడాన్ని నష్టం అంటారు. ఇచ్చిన సంఖ్య సరిసంఖ్య అయితే లఘువు రాసి దానిని సగం చేయాలి. బేసిసంఖ్య అయితే గురువు రాసి, ఒకటి కలిపి సగం చేయాలి. ఉదాహరణకు పదవ అమరిక కావాలంటే, 10 సరిసంఖ్య కనుక లఘువు. సగం 5, అది బేసి కనుక గురువు. ఒకటి కలిపి సగం చేస్తే 3, మళ్ళీ గురువు. ఒకటి కలిపి సగం చేస్తే 2, కనుక లఘువు. పదవ అమరిక లఘువు, గురువు, గురువు, లఘువు. యంత్రం చేసేది కూడా ఇదే. అది ఒక సంఖ్యను యాదృచ్ఛికంగా ఎన్నుకొంటుంది. ఆ సంఖ్యకు తగిన అమరికను చూపుతుంది. కంప్యూటర్ పుట్టడానికి ఎన్నో శతాబ్దాల ముందే, సంఖ్య నుంచి పద్యపాదానికి దారి వేసిన శాస్త్రమిది.

విద్యార్థి ఎన్నుకొన్న ఛందస్సు ఆటవెలది. అది అతని నేలకు దగ్గరి ఛందస్సు. వేమన సమాధి ఉన్నదని జనం విశ్వసించే కటారుపల్లె కదిరి ప్రాంతంలోనిది. 2022లో జిల్లాను విభజించినప్పుడు ఆ ప్రాంతం శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినా, ఈ పీఠభూమి జనానికి వేమన తమవాడే. ఆయన పద్యాలలో అత్యధికం ఆటవెలదులు. ఆటవెలది మొదటి, మూడవ పాదాలలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు వరుసగా వస్తాయి. రెండవ, నాల్గవ పాదాలలో ఐదూ సూర్యగణాలే. సూర్యగణాలు రెండు, ఇంద్రగణాలు ఆరు. లెక్క వేస్తే మొదటి పాదానికి 288 అమరికలు, రెండవ పాదానికి 32 అమరికలు వస్తాయి. నాలుగు పాదాలకు కలిపి 8,49,34,656 విధాలు. ఇంతటి విస్తృతి ఉన్న ఛందస్సును బడి మెట్టు ఎక్కని వారు కూడా చెవితో పట్టుకొని, తప్పు లేకుండా చెప్పగలుగుతున్నారు.

అతడు మాటల పట్టికను గణాలుగా విడదీశాడు. వాన, పంట, రైతు, పెన్న అనేవి గురువు, లఘువు గల హగణాలు. చెరువు, కడుపు, కురిసె, తడిసె అనేవి మూడు లఘువుల నగణాలు. యతి కుదిరితేనే పాదాన్ని అంగీకరించాలని నియమం పెట్టి యంత్రాన్ని నడిపించాడు. పనికిరాని పాదాలు వందలకొద్దీ పోగా, ఒకటి మాత్రం చక్కగా వచ్చింది.

'చెరువు నిండె నేడు చేలు తడిసె.'

ఐదు సూర్యగణాలు, యతి సరిపోయింది, అర్థమూ కుదిరింది. అతడు సంతోషంతో మళ్ళీ నడిపించాడు. కొంతసేపటికి మరొక పాదం వచ్చింది.

'కరువు వచ్చె నేడు కడుపు మాడె.'

ఇదీ ఐదు సూర్యగణాల పాదమే. ఇక్కడా యతి సరిపోయింది, అర్థం కుదిరింది. విద్యార్థి ఆ రెండు పాదాలను ఒకదాని కింద ఒకటి పెట్టి చాలాసేపు చూశాడు. చెరువు నగణం, కరువు కూడా నగణమే. గణం అడిగిన చోట యంత్రానికి ఆ రెండూ ఒక్కటే. చెరువుకు, కరువుకు నడుమ ఈ పీఠభూమిలో ఎన్ని తరాల బ్రతుకు ఉన్నదో యంత్రం ఎరగదు. ఒక పాదాన్ని ఎంత తేలికగా చెప్పిందో, రెండవ పాదాన్ని కూడా అంతే తేలికగా చెప్పింది.

అదేరోజు మరొక సందేహం కూడా అతనికి కలిగింది. వేమన పద్యానికి నాల్గవ పాదం మకుటం. అది మారదు కనుక సూత్రం రాయవలసిన పనే లేదు; మూడు పాదాలు కూర్చి నాల్గవది అతికిస్తే చాలు. అతడు అలాగే చేసి చూశాడు. పద్యం అచ్చం వేమన పద్యంలా కనిపించింది. పిల్లవాడెవడైనా దానిని నిజంగా వేమన చెప్పినదేనని నమ్మి కంఠస్థం చేయగలడు. లోకంలో ఇతరులు చెప్పిన పద్యాలు వేమన మకుటంతో ఎన్నో చెలామణి అయ్యాయని, ఆయన సొంత పద్యాలను వేరుచేయడం పండితులకు నేటికీ కష్టమేనని అతడు చదివి ఉన్నాడు. మకుటమంటే పద్యానికి అలంకారం మాత్రమే కాదు. ఈ మాటకు బాధ్యుడను నేనని కవి చేసే సంతకం. కవి లేని చోట సంతకం పెట్టడం కూటలేఖనం అవుతుంది. అతడు ఆ పాదాన్ని ప్రోగ్రాంలో నుంచి తొలగించాడు.

అయినా తాను రాసిన సూత్రాలలో లోపమేమిటో అతనికి స్పష్టం కాలేదు. దానిని స్పష్టం చేసినది అక్షరం ముక్క రాని అతని అవ్వ.

మృగశిర కార్తె వెళ్ళిపోతున్నది. ఆకాశంలో మబ్బులు వస్తున్నాయి గాని నిలవడం లేదు. రాత్రి అన్నం తిన్న తర్వాత విద్యార్థి అరుగు మీద కూర్చొని యంత్రం కూర్చిన వాక్యాలను చెల్లెలికి చదివి వినిపిస్తున్నాడు. కోడి పాట పాడింది. చందమామ బండి లాగింది. రైతు మబ్బును కొన్నాడు. చెల్లెలు పగలబడి నవ్వుతున్నది. అవ్వ గోడకు ఆనుకొని వింటూ కునుకుతున్నది. అతడు తర్వాతి వాక్యం చదివాడు: 'మన చెరువు నిండింది.'

అవ్వ ఉలిక్కిపడి లేచింది.

"ఏమంటివి నాయనా? చెరువు నిండిందా? మరువ పారిందా?"

"లేదవ్వా, ఉత్తదే. మిషన్ రాసింది."

"మిషన్ ఎప్పుడు పోయి చూసొచ్చింది కట్ట మీదికి?"

"చూడలేదవ్వా. మాటలు ఏరుకొని కూర్చింది. వ్యాకరణం ప్రకారం తప్పు లేదు."

"తప్పు లేదంటే ఎట్ల? చెరువు నిండలేదు కదా. ఎవురు చెప్పినట్లు ఆ మాట?"

విద్యార్థి దగ్గర సమాధానం లేదు. అవ్వ కొంతసేపు మౌనంగా ఉండి, తన పెండ్లయిన కొత్తలో జరిగిన సంగతి చెప్పింది. ఎగువ ఊళ్ళో పదును వాన పడిందని, రాత్రికి ఇక్కడా పడుతుందని దారిన పోయేవాడొకడు చెప్పినాడట. ఆ మాట నమ్మి పొడి దుక్కిలోనే విత్తనం వేశారు. వాన రాలేదు. ఆ ఏడు తిండికి దాచుకొన్న గింజలు కూడా అమ్ముకోవలసి వచ్చింది.

"వాడు మళ్ళా సంతలో కనపడినాడు నాయనా. మీ తాత పోయి, 'నువ్వు చెప్పితివి కదప్పా' అని అడిగినాడు. వాడు తల వంచుకున్నాడు. మనిషి కాబట్టి తల వంచుకున్నాడు. దీన్ని ఎవురని అడగాల?"

అవ్వ అడిగిన ప్రశ్న శాస్త్రజ్ఞులు అడిగిన ప్రశ్నే. వాక్యార్థం తెలియాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడు కావాలని తార్కికులు చెప్పారు. ఒక పదం మరొక పదాన్ని కోరడం ఆకాంక్ష. 'రైతు', 'ఆవు', 'చెట్టు' అని పదాలను పక్కపక్కన పేర్చినంత మాత్రాన వాక్యం కాదు. పదాలను ఎడం లేకుండా పలకడం సన్నిధి. అర్థాలు ఒకదానితో ఒకటి పొసగడం యోగ్యత. నిప్పుతో తడుపుతున్నాడనే వాక్యంలో వ్యాకరణ దోషం లేదు గాని యోగ్యత లేదు. విద్యార్థి రాసిన సూత్రాలు ఆకాంక్షను, సన్నిధిని చక్కగా సాధించాయి. చందమామ చేత బండి లాగించకుండా ఉండడానికి ఇంకొన్ని సూత్రాలు రాస్తే యోగ్యతను కూడా కొంతవరకు సాధించవచ్చు. కాని ఈ మూడింటికి పైన వక్త అభిప్రాయమైన తాత్పర్యం ఉన్నది. అంతేకాక శబ్దం ప్రమాణం కావాలంటే అది ఆప్తుడు పలికిన వాక్యమై ఉండాలని తార్కికుల నిర్ణయం. ఆంధ్రుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో బాలురకు బోధించిన తొలి పాఠాలలో ఇదొకటి. ఆప్తుడంటే ఉన్నది ఉన్నట్లు చెప్పేవాడు. 'మన చెరువు నిండింది' అనే వాక్యంలో ఆకాంక్ష ఉన్నది, సన్నిధి ఉన్నది, యోగ్యత కూడా ఉన్నది. లేనివాడు ఆప్తుడు మాత్రమే. నవ్వు పుట్టించిన వాక్యాల కంటే ఈ వాక్యం అపాయకరమైనది కావడానికి కారణం అదే. చందమామ బండి లాగిందంటే ఎవరూ నమ్మరు; చెరువు నిండిందంటే అవ్వ లేచి కూర్చుంటుంది.

నియమాలను అనుసరించి పుట్టే వాక్యాలు పల్లెకు కొత్తవేమీ కావు. ఉగాదినాడు వినే పంచాంగ శ్రవణం కూడా నియమబద్ధమైనదే. చైత్రశుద్ధ పాడ్యమి ఏ వారమైతే ఆ వారాధిపతి ఆ సంవత్సరానికి రాజు. సూర్యుడు మేషంలో ప్రవేశించిన వారానికి అధిపతి మంత్రి. ఆర్ద్రలో ప్రవేశించిన వారానికి అధిపతి మేఘాధిపతి. ఎవరు ఏ పదవిలో ఉంటే ఏ ఫలం చదవాలో శాస్త్రంలో నిర్ణయమై ఉన్నది. అయినా ఆ వాక్యాలకు ఒక చిరునామా ఉన్నది. పంచాంగం మీద సిద్ధాంతి పేరు ఉంటుంది. రచ్చకట్ట మీద కూర్చొని చదివే అయ్యవారు ఆ ఊరివారే. వానలు కురుస్తాయని ఉగాదికి చెప్పి, శ్రావణం వచ్చినా కురవకపోతే, ఆయన ఎదురైనప్పుడు అడగడానికి ఊరికి హక్కు ఉన్నది. ఆయన సమాధానం చెప్పినా, చెప్పలేకపోయినా, నిలబడి వింటాడు.

ఆ తర్వాత కాలం మరింత ముందుకు సాగింది. 2022 చివరి నుంచి సామాన్య జనానికి అందుబాటులోకి వచ్చిన భాషాయంత్రాలు చేతితో రాసిన సూత్రాల మీద ఆధారపడేవి కావు. అపారమైన గ్రంథరాశిని పరిశీలించి, ఏ మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎంత ఉన్నదో అవి స్వయంగా నేర్చుకొంటాయి. 'అమ్మలు వచ్చాయి' వంటి తప్పులు వాటి నోట అరుదు. అవి వ్యాసం రాస్తాయి, పద్యం చెప్పబూనుతాయి, వ్యవసాయ సలహా కూడా ఇస్తాయి. వాటి వలన కలిగే ప్రయోజనాన్ని కాదనవలసిన పని లేదు. కాని తప్పులు తగ్గినకొద్దీ అవ్వ ప్రశ్నకు విలువ పెరుగుతున్నది. తడబడే యంత్రాన్ని చూసి మనిషి జాగ్రత్త పడతాడు. తడబడని యంత్రాన్ని మాత్రం ఆప్తుడని భ్రమిస్తాడు. వాక్యం ఎంత నిర్దుష్టంగా ఉన్నా, కట్ట మీదికి పోయి చూసినవారెవరని అడగవలసిన బాధ్యత విన్నవారిదే.

విద్యార్థి తన యంత్రాన్ని పారవేయలేదు. దానిని ఆనాడు రెండు విధాలుగా సవరించాడు. యంత్రం కూర్చిన ప్రతి వాక్యం కింద 'ఇది యంత్రం కూర్చిన వాక్యం. ఎవరూ చూసి చెప్పినది కాదు' అని కనిపించేటట్లు చేశాడు. పిల్లలకిచ్చే అభ్యాసంలో ఒకే ప్రశ్నకు బదులు రెండు ప్రశ్నలు పెట్టాడు. వాక్యం వ్యాకరణరీత్యా ఒప్పా, తప్పా? చెప్పిన విషయం నిజమా, కాదా? నిజమని నీకెట్లా తెలుసు? ఈ చివరి మాట రెండవ ప్రశ్నకే అనుబంధం. పిల్లలకు మొదటి ప్రశ్న కంటే రెండవదే కష్టంగా తోచింది. మొదటి దానికి పుస్తకం చాలు. రెండవ దానికి బడి దాటి బయటికి పోవాలి. బావిలో నీళ్ళున్నాయో లేదో తొంగి చూడాలి. చేనిలో మొలక వచ్చిందో లేదో వంగి చూడాలి. తెలియనిది పెద్దలను అడగాలి.

ఆర్ద్ర కార్తె మొదలైన వారంలో ఆరవ తరగతి చదివే ఒక బాలికకు యంత్రం ఆ పాత వాక్యాన్నే ఇచ్చింది. మన చెరువు నిండింది. ఆ బాలిక మరునాడు తెచ్చిన కాగితం మీద వంకర అక్షరాలతో ఇలా ఉన్నది: "వాక్యం ఒప్పు. విషయం నిజం కాదు. పొద్దున నేను కట్ట మీదికి పోయి చూసి వచ్చినాను. నడుమ గుంతలో కొంచెం నీళ్ళు ఉన్నాయి. రెండు బర్రెలు తాగుతున్నాయి."

విద్యార్థి ఆ కాగితాన్ని తీసుకొనిపోయి అవ్వకు చదివి వినిపించాడు. అవ్వ సాంతం విన్నది. ఎవరి బిడ్డ రాసిందని అడిగి తెలుసుకొన్నది. "ఆ గుంతలో నీళ్ళుండేది నిజమే" అన్నది.